గ్లాస్కో పంచెలో పుడ్డింగు

పద్నాలుగో ఏట నాకు టైఫాయిడ్ వచ్చింది. అరవైల చివర్లో మాట. పరీక్షలు రాసిన మర్నాడు మంచం ఎక్కినదాన్ని, మళ్ళీ నా కాళ్ళ మీద నేను పెరట్లోకి వెళ్ళేసరికి చోడవరం బజారులో మామిడికాయలు పోయి పళ్ళు వచ్చేశాయి. నలభై రోజులు. ఆ నలభై రోజుల్లో జుట్టంతా ఊడిపోయింది. అద్దంలో చూసుకుంటే నేనెవరో గుర్తుపట్టడానికి నాకే కాస్త సమయం పట్టేది.

నాన్న తాలూకాఫీసులో గుమాస్తా. అన్నయ్య అనకాపల్లిలో కాలేజీ చదువుతూ సెలవులకి ఇంట్లో ఉన్నాడు. మామ్మ, అంటే నాన్న తల్లి, కోటపాడు దగ్గర పల్లెలో చెరుకూ వరీ పండించిన మనిషి. తాతయ్య పోయాక పొలం మా చిన్నాన్నకి అప్పజెప్పి మా దగ్గరకొచ్చింది. పొలం అప్పజెప్పింది గాని పెత్తనం వెంట తెచ్చుకుంది. ఇంట్లో ఏది వండాలో, ఎవరు ఏ గది దాకా రావచ్చో ఆవిడే చెప్పేది. అమ్మ ఆవిడ మాటకి ఎదురు చెప్పగా నేను అప్పటిదాకా వినలేదు.

నాకు సూదులు వేయడానికి సర్కారు ఆస్పత్రి నుంచి నర్సమ్మగారు వచ్చేది. డ్యూటీ దిగి సాయంత్రం మా ఇంటి మీదుగానే నడిచి వెళ్ళేది కాబట్టి డాక్టరుగారు ఆవిడకి చెప్పారు. నలభై దాటిన మనిషి. తెల్లచీర, చేతిలో సిరంజీ పెట్టుకునే స్టీలు డబ్బా, మాట తక్కువ. క్రిస్టియన్. మా వీధిలో ఆవిడ చేత సూది వేయించుకోని ఇల్లు లేదు. ఆవిడకి మంచినీళ్ళిచ్చిన ఇల్లూ లేదు.

నేను పడుకునేది వీధి వైపు గదిలో. మంచం పక్కన ఒక చెక్క స్టూలు ఉండేది. నర్సమ్మగారు దాని మీద కూర్చుని నాడి చూసి, జ్వరం చూసి, కాగితం మీద రాసి, సూది వేసి వెళ్ళేది. ఆవిడ గుమ్మం దాటగానే మామ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి స్టూలు కడిగేది. జ్వరం ఎక్కువగా ఉన్న రోజుల్లో నాకది తెలియలేదు. కాస్త తగ్గాక రోజూ చూసేదాన్ని. అందరిళ్ళల్లోనూ అంతేననుకున్నాను. నిజంగా అంతే.

ఒక సాయంత్రం ఆవిడ డబ్బా మరచిపోయి వెనక్కి వచ్చింది. మామ్మ అప్పుడే నీళ్ళు పోస్తోంది. స్టూలు మీంచి నీళ్ళు కారి గుమ్మం దాకా పాకాయి. నర్సమ్మగారు గుమ్మంలో నిలబడి చూసింది. మామ్మ చెంబు దించలేదు, తల తిప్పలేదు. ఆవిడ తడి మీంచి ఒద్దికగా అడుగు వేసి, నా దిండు పక్కనున్న డబ్బా తీసుకుని, "రేపు ఆరింటికొస్తానమ్మా" అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆరింటికే వచ్చింది. అదే స్టూలు మీద కూర్చుంది. నా చెయ్యి పట్టుకున్న తీరులో ఏ మార్పూ లేదు. నాకు మాత్రం ఆవిడ మొహంలోకి చూడ్డానికి సిగ్గేసింది. ఆ సిగ్గు నా జ్వరం తగ్గిపోయాక కూడా తగ్గలేదు.

టైఫాయిడ్ తగ్గుతున్నప్పుడు వేసే ఆకలి ఎలాంటిదో పడినవాళ్ళకే తెలుస్తుంది. బార్లీ నీళ్ళు, గ్లూకోజు నీళ్ళు, తర్వాత సగ్గుబియ్యం జావ. పొయ్యి మీద తాలింపు చిటపటలాడితే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నన్ను మరిపించడానికి నర్సమ్మగారు కబుర్లు మొదలుపెట్టింది. ఆకలితో ఉన్నదానికి ఏ కబురు చెప్పినా తిండి కబురులోకే దారి తీస్తుంది కదా.

ఆవిడ చిన్నప్పుడు మిషన్ ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంది. అక్కడి మేట్రను ఒక దొరసాని. ఇంగ్లండ్ దొరసాని అని ఎవరైనా అంటే ఆవిడకి కోపం వచ్చేదట. మాది స్కాట్లాండు, అది వేరు అనేదట. ఆవిడ మాట్లాడే ఇంగ్లీషు విని మిగతా దొరలు నవ్వుకునేవారట. మా యాస విని విశాఖపట్నంలో నవ్వుతారు కాబట్టి ఆ మాట వినగానే నేను ఆ దొరసాని పక్షం అయిపోయాను.

అక్కడ చేరిన ఆడపిల్లలు సగం మంది దిక్కులేనివాళ్ళు. పుట్టినరోజు ఎప్పుడో తెలియనివాళ్ళు. అలాంటివాళ్ళకి మేట్రనే రిజిస్టరులో ఒక తారీఖు రాసి, ప్రతి ఏడూ ఆ రోజు ఒక పుడ్డింగు ఉడికించేది. వాళ్ళ దేశంలో బీదా బిక్కీ కూడా పుట్టినరోజుకి చేసుకునేదట అది. పిండి, బెల్లం, రొట్టె పొడి, కిస్మిస్‌పళ్ళు, శొంఠి, దాల్చినచెక్క అన్నీ కలిపి ముద్ద చేసి, గుడ్డలో మూటకట్టి, మరిగే నీళ్ళలో నాలుగు గంటలు ఉంచడం. దాని పేరు క్లూటీ. క్లూట్ అంటే వాళ్ళ యాసలో గుడ్డపేలిక.

"నాకోసం కూడా సేసేరు" అంది నర్సమ్మగారు. "నాకప్పటికి పదహారేళ్ళు. నా పేరు సెప్పి నా ముందు పళ్ళెం పెట్టడం అదే మొదలు."

నాకు పుట్టినరోజు ఉందా అని ఆ రోజు ఆలోచించాను. మా ఇంట్లో అన్నయ్యకి ఉంది. ఆ రోజు వాడికి తలంటు, కొత్త చొక్కా, సేమ్యా పాయసం. వాడి జాతకం పసుపు రాసిన కాగితాల్లో, తాళం వేసిన పెట్టెలో ఉండేది. నేను ఎప్పుడు పుట్టానని అమ్మనడిగితే, చెరుకు గానుగ ఆడే రోజులు, పెద్దమావయ్య గుడ్డల మూటతో వచ్చాడు, ఆ ముందు రోజో ఆ మర్నాడో అని చెప్పేది. బడిలో వేసేటప్పుడు మాస్టారు తారీఖు అడిగితే నాన్నకి తోచలేదు. అంచనాగా ఒక ఏడు చెప్పి, తారీఖు మాత్రం బడి తెరిచిన రోజుదే వేయించేశారు. కాబట్టి కాగితాల మీద నేను పుట్టింది జూన్ నెలలో. ఇంకో పది రోజుల్లో ఆ తారీఖు వస్తోంది.

ఆ తారీఖు నాదే అనుకున్నాను. మేట్రను రాసిన తారీఖు నర్సమ్మగారిదైనప్పుడు మాస్టారు రాసిన తారీఖు నాదెందుకు కాకూడదు?

పుడ్డింగు ఎలా చేయాలో రాసివ్వమని నర్సమ్మగారిని అడిగాను. నా జ్వరం లెక్కలు రాసిన కాగితం వెనకవైపు రాసిచ్చింది. రెండు సోలల పిండి, ఒక సోల ఎండు రొట్టె పొడి, బెల్లం, పాలు, చిటికెడు వంటసోడా. మధ్యలో ఒక మాట రాసి, కొట్టేసి, పైన 'వెన్న' అని రాసింది. కొట్టేసింది ఏమిటని అడిగితే దాచలేదు. అక్కడ వాళ్ళు ఆవు కొవ్వు వేస్తారు, మీరు వెన్న వేసుకోండి, బాగుంటుంది అంది.

ఆ కాగితం పట్టుకుని సాయంత్రం నడవలోకి వెళ్ళాను. నాన్న పేపరు చదువుతున్నారు. మామ్మ వత్తులు చేస్తోంది. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బడి తెరిచే రోజు నా పుట్టినరోజనీ, ఆ రోజు ఈ వంట నేనే చేస్తాననీ, నర్సమ్మగారిని భోజనానికి పిలుస్తాననీ మూడూ ఒకేసారి చెప్పేశాను. ఒక్కొక్కటీ చెబితే రెండోదాకా రానివ్వరని తెలుసు.

మామ్మ ముందు నవ్వింది. "ఆడగుంటకి పుట్టినరోజేటి?"

నాన్న పేపరు దించకుండా, అన్నయ్య పుట్టినరోజుకి నువ్వూ పాయసం తిన్నావు కదా అన్నారు. మామ్మ మాత్రం నా చేతిలో కాగితం చూసింది. ఆవిడకి చదువు రాదు. కానీ కొట్టేసిన మాట కొట్టేసినట్టు కనబడుతుంది కదా. అదేమిటని అడిగింది.

ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. ఉప్పు అంటే సరిపోయేది. నర్సమ్మగారు నాతో దాచని మాట నేను వీళ్ళ దగ్గర దాచడం నాకు ఇష్టం లేకపోయింది.

"కొవ్వు" అన్నాను. "ఆ దేశంలో ఆవు కొవ్వేస్తారు. మనం వెన్నేస్తాం."

మామ్మ చేతిలో దూది కింద పెట్టింది. అన్నయ్య గదిలోంచి బయటికి వచ్చాడు. నాన్న పేపరు దించారు. ఆ తర్వాత అరగంటసేపు నేను విన్నవన్నీ ఇక్కడ రాయను. మామ్మ అన్న మాటల్లో కొన్ని నర్సమ్మగారి పుట్టుక గురించి. అవి మా వీధిలో రోజూ వినబడే మాటలే. ఆ రోజు వాటిని మొదటిసారి విన్నట్టు విన్నాను. చివరికి ఆవిడ తేల్చి చెప్పింది.

"ఆవిడొచ్చి మన వంటింటి పక్కన కూకుని తింటే, ఈ ఇంట్లో నాను మంచినీళ్ళు ముట్టను."

"అయితే ఇప్పట్నుంచి నేనూ ముట్టను" అన్నాను. "ఇంకోటి. రేపట్నుంచి ఆ స్టూలు కడగొద్దు. కడిగితే నేను సూదేయించుకోను."

ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. గోడ పట్టుకోకుండా నడిచి నా మంచం మీదకి వెళ్ళాను.

రెండు గంటలకోసారి ఏదో ఒకటి పొట్టలోకి వెళ్ళాలని డాక్టరుగారు గట్టిగా చెప్పి ఉన్నారు. ఆ సాయంత్రం జావ వచ్చింది. అలాగే వెనక్కి వెళ్ళింది. పొద్దున్న పాలు వచ్చాయి, వెళ్ళాయి. అన్నయ్య వచ్చి బతిమాలాడు, తర్వాత తిట్టాడు. నాన్న గుమ్మంలో నిలబడి, మొండితనం మంచిది కాదని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయారు. నిజం చెప్పాలంటే నాకు చాలా ఆకలిగా ఉంది. కళ్ళు మూసుకుంటే జావ గిన్నె కనబడేది. ఇంకో పూట గడిస్తే నేనే ఓడిపోయేదాన్నేమో. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. మంచం మీద కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి, నడవలో ఉన్న మామ్మకి వినబడేటట్టు మాట్లాడింది. గొంతు పెంచలేదు. అమ్మకి గొంతు పెంచడం రాదు.

"నలభై రోజులు ఆ నర్సమ్మ సేతుల్తో బతికింది ఈ పిల్ల. ఆ సేతులు ఒంటికి పనికొచ్చేయి. పళ్ళేనికి పనికిరావా? వంట నా పొయ్యి మీదే సేస్తాది. ఎవులేటనుకున్నా సరే."

అమ్మ నా వైపు తిరిగి, లేచి జావ తాగమంది. తాగాను. కొంత పరుపు మీద ఒలికింది.

ఆ రోజు నుంచి మామ్మ నాతో మాట్లాడడం మానేసింది. కానీ స్టూలు కడగలేదు. నర్సమ్మగారు వెళ్ళాక దాని వైపు చూసేది, నా వైపు చూసేది, లోపలికి వెళ్ళిపోయేది.

నర్సమ్మగారిని పిలవడం అనుకున్నంత తేలిక కాలేదు. వద్దంది. నువ్వు తిను, నాకు పొట్లం కట్టివ్వు, ఇంటికి తీసుకెళ్ళి తింటాను అంది. పొట్లం ఇవ్వనన్నాను. సిరంజీ కడిగి డబ్బాలో పెట్టి, చివరికి వస్తానని చెప్పింది.

బడి తెరిచే రోజు వచ్చింది. నన్ను ఇంకో పదిహేను రోజులు బడికి పంపవద్దని డాక్టరుగారు చెప్పారు. తెల్లవారేసరికి మామ్మ ముతక చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని ఉంది. కోటపాడు బస్సుకి వెళ్తానంది. నాన్న ఆగమన్నారు. అమ్మ ఆపలేదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగింది. నేను పిలుస్తానేమోనని చూసిందనుకుంటాను. పిలవలేదు. నాన్న సంచీ అందుకుని ఆవిడ వెనకాల బస్టాండుకి నడిచారు.

వాళ్ళు వెళ్ళగానే అమ్మ పొయ్యి వెలిగించింది.

పిండి ముందు రోజే జల్లించి పెట్టుకున్నాం. జ్వరంలో నాకోసం తెచ్చిన రొట్టెలో మిగిలిన ముక్కల్ని ఎండబెట్టి దంచాను. ఆ రోజుల్లో రొట్టె అంటే జబ్బుపడ్డవాళ్ళ తిండి. అమ్మ నీళ్ళలో వేసి ఉంచిన వెన్న తీసింది. చిన్నాన్న పంపిన బెల్లం, నల్లటిది, రోట్లో కొట్టి పొడిచేసింది. నేను పీట మీద కూర్చుని పిండిలో వెన్న రుద్దాను. కూర్చున్నా ఆయాసమే. రెండుసార్లు ఆగి గోడకి ఆనుకున్నాను. అమ్మ నేను చేస్తానని అనలేదు. అది నాకిప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

గుడ్డ దగ్గర ఆగిపోయాం. పాతచీర పేలిక వాడితే రంగు దిగుతుంది. తువ్వాలు మందం. అమ్మ లోపలికి వెళ్ళి నాన్న గ్లాస్కో పంచె తెచ్చింది. పెళ్ళిళ్ళకీ, పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడూ కట్టుకునే పంచె. ఒక అంచున చిన్న చిరుగు పడి ఉంది. ఆ చిరుగు దగ్గర పట్టుకుని అమ్మ బర్రున చింపింది. మొహంలో ఏమీ లేదు. కూర తరిగేటప్పటి మొహమే.

గుడ్డని మరిగే నీళ్ళలో ముంచి, నీళ్ళు పిండేసి, దాని మీద పొడిపిండి చల్లమని కాగితంలో ఉంది. అలా చల్లితే పుడ్డింగుకి పైన తోలు కడుతుందట. చల్లాను. ఒక పక్క సరిగ్గా పడలేదు, తర్వాత తెలిసింది. ముద్ద మధ్యలో పెట్టి, ఉబ్బడానికి చోటు వదిలి, మూతి గట్టిగా బిగించి నులకతాడుతో కట్టాం. గుండిగ అడుగున ఒక పళ్ళెం బోర్లించి, దాని మీద మూట దించాం. నీళ్ళు మరుగుతుంటే ఆ పళ్ళెం గిన్నెకి తగిలి టకటకటక మని మోగడం మొదలుపెట్టింది. ఆ మోత ఆగకూడదు, ఆగితే మరగడం ఆగినట్టు అని నర్సమ్మగారు చెప్పింది.

నాలుగు గంటలు ఆ మోత వింటూ కూర్చున్నాను. నీళ్ళు తగ్గినప్పుడల్లా పక్క పొయ్యి మీంచి మరుగుతున్న నీళ్ళే పోశాం. వీధిలోకి శొంఠీ దాల్చినచెక్కా కలిసిన వాసన వెళ్ళింది. పక్కింటావిడ గోడ మీంచి, ఏటి వండుతున్నారని అడిగింది. పిల్ల పుట్టినరోజు అంది అమ్మ. పక్కింటావిడకి అర్థం కాలేదు. అబ్బాయిది మొన్ననే అయింది కదా అంది. ఇది పిల్లది అని అమ్మ మళ్ళీ చెప్పింది.

నర్సమ్మగారు మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చింది. తెల్లచీర కాదు, ఆకుపచ్చ నేతచీర కట్టుకుని వచ్చింది. అలవాటుగా వీధిగదిలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాను. నడవలో వంటింటి గుమ్మం పక్కన నాలుగు పీటలు, నాలుగు ఆకులు వేసి ఉన్నాయి. మేం రోజూ తినే చోటు అదే. ఆవిడ పీట ముందు ఆగిపోయి, మీ మామ్మగారేరి అని అడిగింది.

కోటపాడు వెళ్ళిపోయిందని చెప్పాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

"నా మూలాన పెద్దావిడ ఇల్లొదిలి ఎల్లడం బావులేదమ్మా" అని గుమ్మం వైపు తిరిగింది.

"మీ మూలాన కాదు. నా పుట్టినరోజని ఎల్లింది. ఆవిడ కోపం నా మీద. మీరు కూర్చోండి."

అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆవిడ ముందున్న ఆకు మీద నీళ్ళు చల్లింది. నర్సమ్మగారు కూర్చుంది. అన్నయ్య తన గదిలోంచి రాలేదు. వాడి ఆకు అలాగే ఉండిపోయింది.

మూట పైకి తీసి, ఒక్క క్షణం చన్నీళ్ళలో ముంచి, తాడు విప్పాను. పిండి సరిగ్గా చల్లని పక్క తోలు గుడ్డకే అంటుకుని ఊడి వచ్చింది. మిగతా మూడు వైపులా బాగానే కట్టింది. గోధుమరంగులో, నిగనిగలాడుతూ, బోడిగుండులా ఉంది. నేను నా తల తడుముకున్నాను. నర్సమ్మగారు నవ్వింది. ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు. కాసేపు పొయ్యి వేడికి ఆరబెట్టాక ఆవిడే కోసింది. మధ్యలో కిస్మిస్‌పళ్ళు కనబడ్డాయి. అడుగు మాత్రం పచ్చిగా, ముద్దముద్దగా ఉంది.

ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా తింది. మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం.

"ఇంకో అరగంట ఉంచాల్సింది" అంది. "రుచి అదే."

నాకు రెండు వేళ్ళంత ముక్క పెట్టి, ఇంతకన్నా పెడితే రేపు మళ్ళీ సూది వేయాల్సి వస్తుందని గట్టిగా చెప్పింది. అంత పోట్లాడి నేను తిన్నది రెండు వేళ్ళంత. బరువుగా, తడిగా, మా కుడుముకీ బజారు కేకుకీ మధ్యలో ఉంది. నాలుక చివర శొంఠి కారం, తర్వాత బెల్లం. అన్ని రోజుల తర్వాత రుచి అనేది నోట్లోకి వచ్చింది. చాలా సేపు మింగకుండా ఉంచుకున్నాను.

అప్పుడు నాన్న వచ్చారు. ఆఫీసు నుంచి భోజనానికి రోజూ వచ్చే వేళే. నడవ గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి చూసి, ఆగారు. నర్సమ్మగారు లేవబోయింది. అమ్మ, కూర్చోండి అంది. నాన్న అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నారు.

నర్సమ్మగారు పుడ్డింగు కట్టిన తడిగుడ్డ చేతిలోకి తీసుకుని అంచు చూసి, ఇది గ్లాస్కో పంచె కాదా అని అడిగింది. అవునంది అమ్మ. మేట్రనుగారి ఊరు ఇదేనమ్మా అంది ఆవిడ. స్కాట్లాండులో గ్లాస్గో అని పెద్ద పట్నం ఉంది, ఈ గుడ్డ మొదట అక్కణ్ణుంచే వచ్చేదని మేట్రను చెప్పేదట. ఈ దేశంలో పెద్దమనుషులందరూ మా ఊరు నడుముకి చుట్టుకుని తిరుగుతున్నారని నవ్వేదట.

అరుగు మీంచి నాన్న గొంతు వినబడింది. "చింపింది నా పంచేనా?"

"మీదే" అంది అమ్మ.

తర్వాత నాన్న, నాకూ ఒక ముక్క ఇవ్వు అన్నారు. లోపలికి రాలేదు, మా పక్కన కూర్చోలేదు. అమ్మ తీసుకువెళ్ళి ఇస్తే అరుగు మీదే తిన్నారు. అంతవరకే వచ్చారు. ఆ రోజుకి నాకు అది చాలలేదు. ఇప్పుడూ అది చాలదనే అనుకుంటాను. కానీ తిన్నారు.

మామ్మ పదకొండు రోజుల తర్వాత వచ్చింది. వచ్చీ రాగానే వంటిల్లంతా పసుపు నీళ్ళతో కడిగింది. గుండిగని బూడిద వేసి మూడుసార్లు తోమింది. నేను పక్కనే నిలబడి చూశాను. అంతా అయ్యాక, మళ్ళీ ఏడు మళ్ళీ చేస్తాను మామ్మా అని చెప్పాను. ఆవిడ సమాధానంగా, నేనూ మళ్ళీ వెళ్తానన్నట్టు, చేతిసంచీ కొక్కేనికి తగిలించింది.

అన్నట్టే మళ్ళీ ఏడు చేశాను, నర్సమ్మగారు వచ్చింది. ఆవిడా అన్నట్టే ముందు రోజు బస్సెక్కింది. ఆ తర్వాతి ఏడూ అంతే. జూన్ వచ్చిందంటే చిన్నాన్న ఇంట్లో ఆవిడ మంచం సిద్ధం చేసి ఉంచేవారు. అన్నయ్య మూడో ఏడు మాతో కూర్చుని తిన్నాడు. ఉద్యోగం వచ్చాక తన పుట్టినరోజుకి కూడా అదే చేయమన్నాడు. నేను చేయనని చెప్పాను. నీకు పాయసం ఉంది కదా అన్నాను. మామ్మ చివరి రెండేళ్ళు మోకాళ్ళు పట్టేసి బస్సెక్కలేకపోయింది. ఆ రోజున పెరటి అరుగు మీద మా వైపు వీపు పెట్టి కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా సాయంత్రం దాకా ఉండేది. అమ్మ ముక్క తీసుకువెళ్తే తల అడ్డంగా ఊపేది. ఒక్కసారి కూడా రుచి చూడలేదు. నేను ఒక్కసారి కూడా మానలేదు. ఆవిడ పోయినప్పుడు నేను ఏడ్చాను. ఆవిడ చేసింది సరైనదని మాత్రం అప్పుడూ అనుకోలేదు.

ఆవిడ పోయిన ఏడే నర్సమ్మగారిని దేవరాపల్లి బదిలీ చేశారు. అప్పటికి నేను టీచర్ ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. జూన్ వచ్చింది. తెల్లవారుజామునే లేచి పొయ్యి వెలిగించాను. అప్పటికి చెయ్యి తిరిగింది. తోలు అన్ని వైపులా సమంగా కట్టింది, అడుగు పచ్చి లేదు. వేడి చల్లారకుండా గుడ్డతో సహా స్టీలు క్యారియర్‌లో పెట్టుకుని దేవరాపల్లి బస్సెక్కాను.

మా వీధి చివర ఇంటావిడ నా పక్క సీట్లో కూర్చుంది. బస్సు ఊరు దాటగానే క్యారియర్ వైపు చూసి, ఎవరింటికని అడిగింది. నర్సమ్మగారింటికని చెప్పాను. ఆవిడ మొహం మారింది. పెళ్ళి కావలసిన పిల్లవి, సంబంధాలు చూస్తున్నారు, ఇలాంటివి నలుగురికీ తెలిస్తే బాగుండదని మెల్లగా, నా మంచికే చెబుతున్నట్టు చెప్పింది.

క్యారియర్ మూత తీశాను. శొంఠి వాసన బస్సంతా పాకింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు.

"ఈ రోజు నా పుట్టినరోజు పిన్నీ. నర్సమ్మగారూ నేనూ కలిసి తింటాం. నలుగురికీ మీరే సెప్పండి. మీకో ముక్క పెట్టమంటారా?"

ఆవిడ లేచి వెనక సీట్లోకి వెళ్ళిపోయింది. నేను మూత బిగించి, ఖాళీ అయిన చోట క్యారియర్ పెట్టుకుని కూర్చున్నాను.